డాక్టరమ్మకు చెప్పని ఒక్కపొద్దు

కర్నూలు జిల్లాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో హైమావతి అనే డాక్టరు ఉండేది. వైద్యంలో చేయి తిరిగినదే కానీ, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక మాత్రం ఆమెకు లేదు.

రోగి నోరు తెరిచేలోపే ఆమె జవాబు చెప్పేసేది. చాలాసార్లు ఆ జవాబు సరైనదే అయ్యేది. అందుకే ఆ అలవాటులో తప్పుందని ఆమెకెప్పుడూ తోచలేదు. ఆ ఊళ్ళో సగం మంది ముస్లింలు. రంజాన్ ఉపవాసాలను అక్కడ ఒక్కపొద్దులనే అంటారు. ఆ నెల దగ్గర పడేసరికి షుగరు జబ్బు ఉన్నవాళ్ళు వచ్చి ఒక్కపొద్దుల మాట ఎత్తేవాళ్ళు. ఆమె తల కూడా ఎత్తకుండానే, ఒక్కపొద్దు ఉండకూడదని చెప్పి చీటీ రాసిచ్చేది. వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నేళ్ళకు అడగడమే మానేశారు. తన మాట అందరూ వింటున్నారని హైమావతి సంతోషించింది.

ఒక రంజాన్ నెలలో, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, మాబున్ని అనే ఆమెను ఇరుగుపొరుగువాళ్ళు ఆటోలో తీసుకొచ్చారు. ఆమె బొంతలు కుట్టి బతికే మనిషి. అరవై ఏళ్ళుంటాయి. కుడుతూ కుడుతూనే పక్కకు ఒరిగిపోయిందట. ఒళ్ళంతా చెమటలు. పిలిస్తే పలకడం లేదు. వేలి చివర నెత్తురు చుక్క తీసి చూస్తే షుగరు నలభై రెండు. హైమావతి వెంటనే గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి మాబున్ని కళ్ళు తెరిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే తెరిచేది కాదేమో.

తెల్లవారుజామున సహరీకి రెండు ముద్దలు తిని, ఎప్పుడూ వేసుకునే మాత్రే వేసుకుని ఆమె ఒక్కపొద్దు ఉంది. కడుపులో తిండి లేకపోయినా మాత్ర తన పని తాను చేసుకుపోయింది.

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది కదా పెద్దమ్మా," అంది హైమావతి, కొంచెం కోపంగానే.

మాబున్ని నీరసంగానే బదులిచ్చింది. "చెప్తే వద్దంటావు. వద్దన్నాక ఉంటే నీ మాట తీసేసినట్లయితది. అది నాకు ఇష్టం లేదమ్మా. అందుకే చెప్పలేదు."

హైమావతికి అప్పుడు అర్థమైంది. తన మాట వింటున్నారనుకున్నవాళ్ళు, తనను నొప్పించలేక దాచుకుంటున్నారన్నమాట. ఇంకెంతమంది ఇలా ఉన్నారోనని ఆమెకు భయం వేసింది.

మరుసటి ఏడు రంజాన్‌కు రెండు నెలల ముందే ఆమె మసీదుకు వెళ్ళి ఇమాం ఇనాయతుల్లాను కలిసింది. షుగరు ఉన్నవాళ్ళను మదరసా హాలుకు పిలిపించమని కోరింది. నలభై మంది దాకా వచ్చారు. ఈసారి ఆమె వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, సహరీకి ఏం తింటారో, పగలు ఏం పని చేస్తారో, పోయినేడు ఎలా గడిచిందో అడిగింది. నోటిదాకా వచ్చిన జవాబును చాలాసార్లు మింగాల్సి వచ్చింది.

తర్వాత అందరికీ పరీక్షలు చేయించింది. ఉండగలిగినవాళ్ళకు మాత్రల వేళలు మార్చి, కొందరికి మోతాదు తగ్గించి రాసిచ్చింది. ఇంట్లోనే షుగరు చూసుకోవడం నేర్పింది. నెత్తురు చుక్క తీసినంత మాత్రాన ఒక్కపొద్దు చెడదని ఇమాం చెప్పాడు. షుగరు డెబ్బై కన్నా తగ్గినా, మూడు వందలు దాటినా, వణుకు పుట్టినా వెంటనే ఒక్కపొద్దు విరమించాలని, పొద్దు గుంకడానికి ఐదు నిమిషాలే ఉన్నా ఆగొద్దని ఆమె చెప్పింది.

అందరూ వెళ్ళాక ఇమాం ఒక్కడూ మిగిలాడు. తలుపు దగ్గరగా వేసి, తాను పదేళ్ళుగా రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటున్నానని, ఊళ్ళో ఎవరికీ తెలియదని చెప్పాడు. పోయిన రంజాన్‌లో నమాజు చదివించి వచ్చి రెండుసార్లు గదిలో పడిపోయాడట. హైమావతి మొత్తం విన్నది. పరీక్షల్లో మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. అప్పుడు గానీ, ఈ ఏడు ఒక్క రోజు కూడా ఉండొద్దని ఆమె చెప్పలేదు.

రంజాన్‌కు ముందు శుక్రవారం, నమాజు అయ్యాక, ఇమాం జనం ముందు నిలబడ్డాడు.

"జబ్బు చేసినవాళ్ళకు అల్లా వెసులుబాటు ఇచ్చాడని ఇన్నేళ్ళూ మీకు చెప్పాను. ఆ జబ్బు నాకే వస్తే సిగ్గుపడి దాచాను. ఈ ఏడు నేను ఒక్కపొద్దులు ఉండటం లేదు. వాటికి బదులు రోజుకొక పేదవాడికి అన్నం పెడతాను."

ఆ మాట సాయంత్రానికల్లా ఇంటింటికీ చేరింది. మర్నాడు, మదరసాకు రాకుండా దాక్కున్నవాళ్ళు పదకొండు మంది ఆసుపత్రికి వచ్చారు.

మాబున్ని జాగ్రత్తలన్నీ విని ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు, ఇఫ్తార్‌కు ఇంకా అరగంట ఉందనగా ఆమె చేతులు వణికాయి. షుగరు చూసుకుంటే అరవై ఆరు. అరగంటే కదా అని మనసు లాగింది. అంతటి ఇమాం సాబే ఆగినప్పుడు నేనెంత అనుకుని, చక్కెర నీళ్ళు కలుపుకుని తాగేసింది. పది నిమిషాల్లో తేరుకుంది. మర్నాడు తనే నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చింది.

"నిన్నటిది మధ్యలో విడిచినానమ్మా. పండగయినాక దానికి బదులు ఇంకొకటి ఉండల్ల. ఎప్పుడుండాలో నువ్వే చెప్పు."

హైమావతి కుర్చీ దగ్గరికి జరుపుకుని, నిన్న ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమంది. మాబున్ని తీరిగ్గా చెప్పుకొచ్చింది.

ఆ నెలంతా ఆ ఊళ్ళో షుగరు పడిపోయి ఆసుపత్రికి మోసుకొచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

నీతి: ఎదుటివాళ్ళ నమ్మకాన్ని ముందు ఓపికగా వింటేనే, మనం చెప్పే మంచి వాళ్ళ మనసుకు ఎక్కుతుంది.