ఆదిశేషుడికి బరువు తగ్గించిన అన్నదమ్ములు

పాలగెడ్డ ఊళ్ళో తెలివి ఏ ఇంట్లో ఉందని ఎవరైనా అడిగితే అచ్చన్న తన గుమ్మమే చూపిస్తాడు. "మా తాతల నాటి తెలివి బాబూ! రోజూ వాడితే అరిగిపోతుందని దాచుకుంటున్నాం" అంటాడు. ఆ మాటకి పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు సింగన్న, తల్లి గవరమ్మ ముగ్గురూ మెల్లిగా తలూపుతారు. గట్టిగా ఊపితే లోపలున్నది ఒలికిపోతుందని వాళ్ళ భయం.

ఒక సాయంత్రం రామకోవెల అరుగు మీద సోమయాజులు మాస్టారు పురాణం చెబుతున్నారు. "ఈ భూమినంతా ఆదిశేషుడు పడగ మీద మోస్తున్నాడు. బరువెక్కువై ఈ పడగ నుంచి ఆ పడగకి మార్చుకున్నాడా, భూకంపమే! గ్రీకుల పురాణాల్లోనూ ఒక మహాకాయుడున్నాడు. ఆయన ఆకాశాన్ని భుజాల మీద మోస్తూ నిలబడ్డాడు" అన్నారు.

అందరూ దండం పెట్టారు. అచ్చన్నకి మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంత మోస్తున్నాడే, వీపు దురద పుడితే ఎలా గోక్కుంటాడు పాపం, అనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గవరమ్మ గుమ్మంలోనే అందుకుంది. "పొద్దుగూకిందాకా తిరుగుళ్ళు! తిండికి చేటు, భూమికి భారం!"

అచ్చన్న గుండె ఝల్లుమంది. పురాణానికి రాని అమ్మకి కూడా తెలిసిపోయిందంటే, భారం బాగా ఎక్కువైపోయినట్టే! పైగా నాలుగు రోజుల్లో సింగన్న పెళ్ళి మాటలకి పిల్ల తండ్రి జోగినాయుడు వస్తున్నాడు. ఇప్పటికే ఆరు సంబంధాలు తప్పిపోయాయి. తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు. సరిగ్గా ఆ రోజే ఆదిశేషుడు పడగ మార్చుకుంటే ఏడోది కూడా పోతుంది.

అచ్చన్న తెల్లారగానే అందరినీ కూర్చోబెట్టాడు.

"ఇదిగో, ఊళ్ళో వాళ్ళ బరువు మన చేతిలో లేదు. మన ఇంటి బరువు మనం తగ్గిద్దాం. భూమ్మీద ఉన్నవన్నీ అటకెక్కించేస్తే సరి!"

"అబ్బ, అన్నియ్యా! ఎలా తోస్తాయి నీకు?" అన్నాడు సింగన్న.

పైడమ్మకి చిన్న అనుమానం వచ్చింది. "మరి ఆ బరువు అప్పుడెవరు మోస్తారయ్యా?"

"పైకెత్తింది ఆకాశం లెక్కలోకి పోతుంది. దాన్ని గ్రీకాయన మోస్తాడు."

"పాపం కాదూ?"

"ఆయనేమైనా మన చుట్టమా? ఆయన సంగతి వాళ్ళ ఊరి వాళ్ళు చూసుకుంటారు."

అంతే! రుబ్బురోలు అటకెక్కింది. తిరగలి ఎక్కింది. ఊరగాయ జాడీలు, నాగలి, పన్నెండు ధాన్యం బస్తాలు ఎక్కాయి. అటక కిర్రుమంది. "విన్నారా, గ్రీకాయన మూలుగుతున్నాడు" అన్నాడు అచ్చన్న. గవరమ్మని దూలానికి వేలాడే ఉయ్యాల మీద కూర్చోబెట్టి, కాళ్ళు కిందకి జారకుండా ముడిపెట్టారు. మిగిలిన ముగ్గురూ మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టారు. సింగన్న అయితే ఒంటికాలి మీద గెంతసాగాడు, సగం బరువే పడుతుందని.

ఇంక మిగిలింది గేదె. చూడిగేదె, రెండు ప్రాణుల బరువు! ఇంటి వెనక మట్టిదిబ్బ ఉంది, తాటాకు కప్పు చూరు దానికి ఆనుకుని ఉంటుంది. ఇంకేముంది, అచ్చన్న ముందు లాగాడు, సింగన్న వెనక తోశాడు, గేదె దిబ్బెక్కి అక్కణ్ణించి ఇంటి మీదకెక్కింది. ఎక్కి చూస్తే కాళ్ళ కిందంతా మేతే. హాయిగా కప్పు తినడం మొదలుపెట్టింది.

"చూశావా, దానికెంత సంతోషమో!" అన్నాడు అచ్చన్న. వాళ్ళు దిబ్బ మీద ఉన్నంతసేపు నేల ఒక్క పిసరు కూడా కదల్లేదు. ఆదిశేషుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటున్నాడని అచ్చన్నకి అరికాళ్ళలో తెలిసింది.

అంతలో గుమ్మంలో జోగినాయుడు దగ్గాడు. నాలుగు రోజులన్నవాడు, మంచిరోజని ముందే వచ్చేశాడు. లావుపాటి మనిషి. ఆయన అడుగు వేస్తుంటే అచ్చన్నకి గుండెల మీద వేసినట్టే ఉంది.

"అచ్చన్నా, ఒక్కటే మాట" అన్నాడు జోగినాయుడు. "మా ఎరకమ్మని కాలు కింద పెట్టనివ్వకుండా పెంచాను. మీ ఇంట్లోనూ అలాగే చూసుకోవాలి."

అన్నదమ్ములిద్దరూ పొంగిపోయారు. ఇన్నాళ్ళకి ఇంత ముందుచూపున్న మనిషి దొరికాడు!

"అమ్మాయి దాకా ఎందుకు నాయుడుగారూ, మీతోనే మొదలుపెడతాం!" అని అచ్చన్న చంకల కింద చేతులేశాడు, సింగన్న కాళ్ళు పట్టుకున్నాడు. అయ్యో అయ్యో అంటుండగానే నిచ్చెన మీదుగా ఎక్కించి, రుబ్బురోలుకీ బస్తాలకీ మధ్య అటక మీద కూర్చోబెట్టేశారు. పైడమ్మ మజ్జిగ చెంబు వెదురుగడకి కట్టి పైకందించింది.

జోగినాయుడు మజ్జిగ తాగి మీసం తుడుచుకున్నాడు. "ఎన్నో ఇళ్ళు తిరిగాను. మాట అన్న మరుక్షణం చేసి చూపించిన వాళ్ళు మీరే." అంతలో నెత్తి మీద తాటాకు పొడి రాలింది. ఆయన తలెత్తాడు. "అచ్చన్నా, పైన ఏదో కాలు కనిపిస్తోంది."

"మా గేదెదండి."

"గేదె ఇంటి మీదెందుకుంది?"

"కింద ఉంటే భూమికి బరువు కదండీ."

జోగినాయుడు నాలిక్కరుచుకున్నాడు. "నిజమే సుమా! మా గేదెలన్నీ నేల మీదే ఉన్నాయి. ఎంత తప్పు!"

అప్పుడు రెండో కాలు కనిపించింది. తర్వాత పొదుగు. తర్వాత మొత్తం గేదె.

ధబ్! గేదె అటక మీద పడింది, అటక నేల మీద పడింది. రోలు, తిరగలి, నాగలి, బస్తాలు, ఊరగాయ, జోగినాయుడు, అన్నీ ఒక్క దెబ్బకి దిగాయి. ఊరంతా అదిరింది. బస్తాలు పగిలి ధాన్యం కుప్పయింది గనక ఎవరికీ దెబ్బ తగల్లేదు. గేదె లేచి ధాన్యం తినసాగింది. దూలం నిలిచింది, ఉయ్యాల ఊగుతూనే ఉంది. "తలుపు మెల్లిగా వెయ్యలేరా?" అంది గవరమ్మ.

అచ్చన్న నేల మీద బోర్లాపడి మట్టికి నోరానించి ఏడ్చాడు. "ఆదిశేషా! తండ్రీ! చెప్పకుండా అన్నీ ఒకేసారి దింపేశాం! పడగ కమిలిందా?"

చప్పుడు విని సోమయాజులు మాస్టారు పరిగెత్తుకొచ్చారు. సంగతంతా విని నెత్తి కొట్టుకున్నారు. "ఒరే అచ్చన్నా! ఆదిశేషుడికి ఈ భూమి మొత్తం ఆవగింజంత! నీ రోలూ నీ గేదే ఆయనకో లెక్కట్రా?"

అచ్చన్న ఏడుపు ఠక్కున ఆగింది. మొహంలో అంతకన్నా పెద్ద భయం పుట్టింది. "ఆవగింజంతేనా? అయితే గాలేస్తే ఎగిరిపోదూ!"

జోగినాయుడు తలపాగా గట్టిగా పట్టుకున్నాడు.

"గాలీ లేదు, దుమ్మూ లేదు" అని విసుక్కున్నారు మాస్టారు. "ముందు ఆ సింగన్న చేత మూడు ముళ్ళు వేయించండి, అన్నీ కుదురుకుంటాయి!" అని, గేదె ఎక్కువ ధాన్యం తింటే కడుపుబ్బుతుందని దాన్ని పెరట్లోకి తోలుకుపోయారు.

అచ్చన్నకి దారి దొరికింది. నేలలో ఒక మేకు దిగ్గొట్టాడు. దానికి మోకు కట్టి, వాకిట్లో తాటిచెట్టు దాకా లాగాడు. "చెట్టు గట్టిది. భూమిని దీనికి కట్టేస్తే ఇక కదల్లేదు. సింగన్నా, మూడు ముళ్ళు వెయ్యి!"

జోగినాయుడు కూడా ఒక చెయ్యి వేసి మోకు లాగిపట్టాడు. సింగన్న చెట్టు చుట్టూ మూడు ముళ్ళు వేశాడు. మూడు ముళ్ళు చూసి పైడమ్మ ఊరుకుంటుందా? దోసిళ్ళతో ధాన్యం తెచ్చి అక్షింతలేసింది. "శుభం!" అని గవరమ్మ ఉయ్యాల మీంచే దీవించింది. జోగినాయుడు కళ్ళొత్తుకుని సింగన్నని కౌగిలించుకున్నాడు. "అల్లుడూ!"

మాస్టారు గేదెని కట్టేసి తిరిగొచ్చారు. మోకు చూశారు, అక్షింతలు చూశారు. "ఇదేమిటయ్యా?"

"పెళ్ళయిపోయిందండి" అన్నాడు అచ్చన్న.

"పెళ్ళా? పిల్ల ఏది? పిల్ల లేకుండా పెళ్ళేమిటి?"

జోగినాయుడు ఆయన్ని జాలిగా చూశాడు. "ఎంత చదివితే ఏం లెండి! మా ఎరకమ్మ ఈ భూమ్మీదే ఉంది కదండీ మాస్టారూ. భూమినే మూడు ముళ్ళేసి కట్టేశాక, అది మాత్రం ఎక్కడికి పోతుంది?"