చప్పిడి పులిహోర

అనగనగా వక్కలపేట అని ఓ చిన్న పట్నం. ఎంత చిన్నదంటే, ఈ మూల పిల్లాడు తుమ్మితే ఆ మూల ముసలమ్మ ‘చిరంజీవ’ అనేది. ఊఁ కొట్టండర్రా, గోడకి చెప్తున్నానా?

ఆ ఊరికి పురపెద్ద భద్రయ్య. మీ నాన్న పేపర్లో చదువుతాడే, మేయరని, అలాంటివాడన్నమాట. ఊరందరికీ ఉన్న మంచినీళ్ళ బావి ఒక్కటే, అదీ వాళ్ళింటి పక్కనే. ఒకరోజు భద్రయ్య, బావిలో చెత్త పడుతోందని చుట్టూ గోడ కట్టించాడు. కట్టించాక చూస్తే బావి వాళ్ళ పెరట్లో ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఏటికి పోయి మోసుకోవడం మొదలెట్టారు.

ఇక ఇతన్ని దింపేద్దామనుకున్నారు జనం. ఆ ఊళ్ళో దానికి కోర్టులూ కాగితాలూ అక్కర్లేదు. అందరూ వాళ్ళింటికెళ్ళి మొహం మీదే దిగమని చెప్తే చాలు, దిగాల్సిందే. అయితే ఒకటే మెలిక. ఆ పూట ఆ ఇంటి ఉప్పు తిన్న నోరు ఆ మాట అనకూడదు. పోనీ తినకుండా చెప్దామా అంటే, విస్తరేసి పిలిస్తే వద్దనకూడదు. మర్యాదస్తులు మరి!

భద్రయ్య ఏం తక్కువవాడా? జనం గుమ్మంలోకి రాగానే రండి రండని విస్తళ్ళు వేయించేవాడు. వెళ్ళారు, కూర్చున్నారు, పులిహోర తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, ఇంగువ బాగా పడిందని చెప్పి వచ్చేశారు. మళ్ళీ వెళ్ళారు, కూర్చున్నారు, తిన్నారు, కడుక్కున్నారు, వచ్చేశారు. ఓసారి ఏకాదశి ఉపవాసం ఉన్నవాణ్ణి ఏరి పంపారు. వాడికి ఉప్మా పెట్టారు.

ఆ వంటంతా చేసేది భద్రయ్య కోడలు ముత్యాలు. ఆ పిల్లది అదే ఊరు, తల్లి ఏటివైపు వీధిలో ఉండేది. ఓ పొద్దున ఆ ముసలమ్మ బిందెతో వస్తూ ఏటిగట్టు మీద జారిపడింది. కాలు విరిగింది. ముత్యాలు పరుగెత్తుకొచ్చి గోడకి ఓ తలుపైనా పెట్టించమని మామగారి కాళ్ళమీద పడింది. మీ అమ్మకి తీస్తే ఊరందరికీ తీయాలి కదమ్మా అన్నాడాయన, ఎంతో నెమ్మదిగా. ముత్యాలు కళ్ళు తుడుచుకుని చింతపండు నానబోసింది.

ఆ పూటే జనం మళ్ళీ వచ్చారు. అందరికంటే ముందు నేతపని సింహాద్రి. విస్తళ్ళు వేశారు, పులిహోర వడ్డించారు. సింహాద్రి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. వంటింటి గుమ్మంలో ముత్యాలు ఉప్పు జాడీ పట్టుకుని నిలబడి ఉంది. జాడీ మూతికి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. ఒకరింట్లో వంటకి వంక పెట్టకూడదు కదా, అందరూ తలొంచుకుని కిక్కురుమనకుండా తినేశారు. చేతులు కడుక్కున్నారు.

అప్పుడు సింహాద్రి చేతులు తుడుచుకుంటూ, “భద్రయ్యగారూ, భోజనం దివ్యంగా ఉంది. ఇక దిగండి,” అన్నాడు.

నా ఉప్పు తిని నన్నే అంటావా అని లేచాడు భద్రయ్య. ఓ ముద్ద మీరూ తినండి అన్నారు జనం. వచ్చినవాళ్ళు తిన్నాకే ఇంటాయన తినడం ఆ ఊరి పద్ధతి, అందుకే అప్పటిదాకా ఆయన ముట్టలేదు. తిన్నాడు. నమిలాడు. కోడలి వైపు చూశాడు.

“ఉప్పు తింటే దాహమేస్తుంది మామయ్యగారూ,” అంది ముత్యాలు. “ఊళ్ళో నీళ్ళు లేవు కదా!”

భద్రయ్య చెయ్యి కడుక్కుని అరుగు దిగాడు. సాయంత్రానికి గోడా దిగింది. మొదటి బిందె ముత్యాలే మోసుకెళ్ళి వాళ్ళమ్మ మంచం పక్కన పెట్టి, తల్లిని పట్టుకుని భోరుమంది. మర్నాడు మామగారి కూరలో ఉప్పు వేసింది, నాలుగు రాళ్ళు ఎక్కువే వేసింది. ఆయన బావికాడికొచ్చి అందరితోపాటు తోడుకుని తాగాడు. అందరూ సుఖంగానే ఉన్నారు.

సింహాద్రిని పురపెద్దని చేశారు. చేశారు గానీ, ఇప్పటికీ ఆ ఊళ్ళో పురపెద్ద ఇంటికి పనిమీద వెళ్ళేవాళ్ళు చప్పిడి వంటే పెట్టమని, ఎవరి ఉప్పు వాళ్ళే కొంగున కట్టుకెళ్తారు. పెట్టిన చేతికి దణ్ణం పెట్టాలి గానీ, నోరు తాకట్టు పెట్టకూడదర్రా.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. ఒసే చిన్నదానా, రాత్రి పప్పులో ఉప్పు లేదని మూతి ముడిచావు కదూ? నా ఉప్పు తినలేదుగా, నన్నేం అడగాలనుకుంటున్నావో అడుగు మరి.