గొట్టంలో మిగిలిన పుల్ల

తిరుపాలు పొద్దున్నుంచి ఇత్తడి గొట్టాలను బండకేసి కొడుతున్నాడు. మూతి కిందికి పెట్టి కొట్టడం, ఎత్తి ఎండకు పట్టి లోపలికి చూడడం, మళ్ళీ కొట్టడం. మూతులు సొట్టలు పోతున్నాయి. లోపలి ఉక్కు పుల్లలు మాత్రం కదలడం లేదు.

అవి పోలీసుల ఫైరింగు మైదానంలో పేలిపోయిన ఖాళీ తూటాలు. తుక్కు కింద తూకానికి అమ్మితే ఫకీరప్ప సాయెబు కొని తెస్తాడు. కొండ కింద తకియాలో, ఫకీర్లు బస చేసే చోట, ఉంటాడాయన. ఆ గొట్టాలను కరిగించి గొర్రెల మెడకు గంటలు పోస్తాడు. చుట్టుపక్కల మందలన్నీ ఆయన గంటల వెంటే నడుస్తాయి. తాయెత్తు కావాలని ఎవరైనా వస్తే లేదంటాడు. గంట కావాలంటే కూర్చోమంటాడు.

తూటా గొట్టం లోపల మందు మసి పట్టి ఉంటుంది. ఇదివరకు చింతపండు నీళ్ళలో నానేసి, పుల్లకు కొబ్బరిపీచు చుట్టి ఒక్కొక్కటే తోమేవాళ్ళు. తిరుపాలు వచ్చాక ఆ పద్ధతి మారింది. టౌన్లో మోటార్లు బాగుచేయడం తనంతట తానే నేర్చుకున్నవాడు అతను. శిష్యుడు కూడా తనంతట తానే అయ్యాడు, ఎవరూ పిలవలేదు. వచ్చిన నెలలోనే పాత వాషింగ్ మెషీన్ మోటారుకు ఒక ప్లాస్టిక్ పీపా బిగించాడు. అందులో గొట్టాలు, నీళ్ళు, నిమ్మ ఉప్పు, కాస్త సబ్బు, దోసెళ్ళకొద్దీ స్టెయిన్‌లెస్ స్టీలు పుల్లలు. ఒక్కో పుల్ల బియ్యపు గింజంత పొడవు, సూదంత సన్నం. పీపా తిరుగుతుంటే అవి గొట్టాల్లోకి దూరి మూలమూలా గీకేస్తాయి. వారం పట్టే పని ఒక పూటలో అయిపోయింది. గొట్టాలు లోపలా బయటా పసుపు ముద్దల్లా మెరిశాయి.

చిక్కల్లా పుల్లలను వేరుచేయడం దగ్గరే వచ్చింది. జల్లెడలో పోసి ఊపితే బయటివి రాలాయి. లోపలివి తడి గోడకు అతుక్కుని ఉండిపోయాయి. తిరుపాలు అయస్కాంతం తెచ్చాడు. ఆ రకం ఉక్కు అయస్కాంతాన్ని పట్టించుకోలేదు.

అప్పుడతను లెక్క వేశాడు. ఉక్కు ఇత్తడికంటే తేలిక. ఇత్తడి కరిగే వేడికి ఉక్కు కరగదు. కాబట్టి మూసలో పుల్లలు పైకి తేలతాయి. తెట్టుతో పాటు గరిటెతో తీసేయొచ్చు.

ఆ వారం ఫకీరప్ప ఉరుసుకు పోయి ఉన్నాడు. తకియాలో వంట చూసే జైబూన్ ఒక్కతే కొలిమి దగ్గర ఉంది. ఆమె అడిగింది.

"అన్నీ తేల్తాయా?"

"నూటికి తొంభైతొమ్మిది తేల్తాయక్కా."

"ఆ ఒకటి?"

"ఒకటేం చేస్తది?"

ఆ పోతలో వచ్చిన గంటల్లో ఒకటి గొర్రెల కాపరి కాటమయ్య పొట్టేలు మెడకు పోయింది. కాటమయ్యకు రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. మనుషులు నీడల్లా కనిపిస్తారు, దారి కనిపించదు. మందను నడిపించే పొట్టేలు గంట విని దాని వెనకాలే నడుస్తాడు. కొండ మీద ఆ గంట పగిలింది. గణగణ మోగేది ఉన్నట్టుండి చిల్లిపడిన డబ్బాలా అయింది. గాలి ఎదురు కొడుతుంటే ఆ చప్పుడు ఎటునుంచి వస్తోందో కాటమయ్యకు అందలేదు. రెండడుగులు పక్కకు వేశాడు. అక్కడ నాపరాళ్ళ గని ఉంది.

ప్రాణం దక్కింది. కాలు విరిగింది.

పగిలిన గంటను అతని భార్య నరసమ్మ తెచ్చి తకియా అరుగు మీద పెట్టి వెళ్ళింది. పగులులో సన్నగా, తెల్లగా ఒక పుల్ల మెరుస్తోంది. ఉరుసునుంచి వచ్చిన ఫకీరప్ప దాన్ని వేలితో తడిమి చూసి గూట్లో పెట్టాడు. 

ఆ రోజునుంచి తిరుపాలు కాటమయ్య ఉండే గొల్లవీధిలో అడుగుపెట్టలేదు. ఉప్పు కావాలన్నా ఊరు చుట్టి అవతలి అంగడికి పోయేవాడు. కాటమయ్యకు మాత్రం ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాడు. కాలికి పూసే నూనె, అరటిపండ్లు, ఒకసారి కొత్త చేతికర్ర. అన్నీ జైబూన్ చేతనే.

"కాలు విరిగింది ఆయనకా, నీకా?" అని జైబూన్ అడిగింది ఒకసారి.

తిరుపాలు నూనె సీసా ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడు కాటమయ్య కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కోతలైపోయాయి. ఏటి అవతలి చేలల్లో ఎరువుకు మంద వేయడానికి గొల్లలంతా రెండురోజుల్లో బయలుదేరతారు. నేనూ వస్తానని కాటమయ్య పట్టుబట్టాడు. కొత్త గంట కావాలని కబురు చేశాడు. ఫకీరప్ప గొట్టాల బుట్టను తిరుపాలు ముందు పెట్టి, "ఈ గంట నువ్వే పొయ్యి" అన్నాడు.

అందుకే ఈసారి ఒక్క పుల్ల కూడా మిగలకూడదు. పీపాలో వేసేముందు తిరుపాలు పుల్లలన్నిటినీ తూచాడు. బయటికి తీశాక ఆరబెట్టి మళ్ళీ తూచాడు. తగ్గాయి. తగ్గినవన్నీ గొట్టాల్లోనే ఉన్నాయి. బండకేసి కొట్టాడు. తూచాడు. ఇంకా తగ్గే ఉన్నాయి. చీపురుపుల్ల పెట్టి గెలికాడు. ఒకటి ఊడితే ఇంకొకటి లోపలికి జరిగింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఫకీరప్ప బయటికి వచ్చేసరికి తిరుపాలు చేతిలో సుత్తి ఉంది. పీపాకేసి చూస్తున్నాడు.

"దాన్నేంటికి కొడతావు?"

"దీనివల్లే గదా బాబా అంతా. పగలగొట్టేస్తా. చింతపండుతోనే తోముకుందాం."

"పీపా ఏం జేసింది పాపం. తోమమన్నావు, తోమింది."

తిరుపాలు సుత్తి కింద పెట్టాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఎంత కొట్టినా వదలడం లేదు బాబా," అన్నాడు. 

ఫకీరప్ప బావి దగ్గరికి పోయి, గంగాళం నిండా నీళ్ళు తోడాడు. గొట్టాలున్న జల్లెడ ఎత్తి గంగాళంలో దింపబోయాడు.

"తడికే గదా బాబా అంటుకునింది. మళ్ళా నీళ్ళేంటికి?"

ముసలాయన విననట్టే జల్లెడను పూర్తిగా నీళ్ళలోకి దించాడు. గొట్టాలన్నీ మునిగాయి. బుడబుడమని గాలి బుడగలు పైకి వచ్చాయి. రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, గొట్టాలను మెల్లగా బోర్లిస్తూ, తిప్పుతూ పోయాడు. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టుంది ఆ తిప్పడం.

గంగాళం అడుగునుంచి చప్పుడు వచ్చింది. రేకుల మీద తొలి చినుకులు పడ్డట్టు, ఒకటొకటిగా, తర్వాత గుంపుగా.

తిరుపాలు వంగి చూశాడు. పొద్దున్నుంచి సొట్టలు పడేలా కొట్టినా కదలని పుల్లలు వాటంతటవే జారి అడుగున పడుతున్నాయి.

"నువ్వు పట్టుకో," అన్నాడు ఫకీరప్ప. "కిందికే ఉంచు. పైకి రానీకు, తడి మిగిల్తే మళ్ళా అంటుకుంటాయి. మునిగితేనే వదుల్తాయి."

నీళ్ళు వంపి, పుల్లలు ఆరబెట్టి తూచారు. ముల్లు మొదట తూచినప్పటి గీత దగ్గరికే వచ్చి ఆగింది. తిరుపాలు నమ్మలేక మళ్ళీ తూచాడు. ఒక్కో గొట్టాన్నీ ఎండకు పట్టి చూశాడు. ఖాళీ.

ఆ సాయంత్రమే కొలిమి రగిలించి పోత పోశాడు. మర్నాడు అచ్చు పగలగొట్టి, గంటను ఆకురాయితో రాకి, నాలుక కట్టి ఒకసారి ఊపాడు. వంటింట్లోంచి జైబూన్ తల బయటికి పెట్టింది. చెట్టు కింద పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

తిరుపాలు గంటను కొత్త గుడ్డలో చుట్టాడు. వంటింటి గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అక్కా, దీన్ని కాటమయ్య తాతకు ఇచ్చి రావా?"

జైబూన్ పిండి చేతులు కడుక్కుంటూ ఫకీరప్ప వైపు చూసింది.

ఫకీరప్ప గంగాళం పక్కనే కూర్చుని ఉన్నాడు. అందులో అడుగున కొంచెం నీళ్ళు మిగిలాయి. మూడు వేళ్ళు ముంచి తిరుపాలు ముఖం మీద చిలకరించాడు. తిరుపాలు ఉలిక్కిపడి చెంప తుడుచుకోబోయాడు.

"నూనె పంపితివి. పండ్లు పంపితివి. కర్ర పంపితివి," అన్నాడు ఫకీరప్ప. "తడిసినావు, అంతే. మునగలే."

తిరుపాలు చెయ్యి చెంప మీదే ఆగిపోయింది.  తర్వాత గంట చంకలో పెట్టుకుని చెప్పులు తొడుక్కున్నాడు. ఈసారి ఊరు చుట్టి పోలేదు.

కాటమయ్య ఇంటి ముందు గొర్రెల దొడ్డి. వసారాలో మంచం మీద కాలు చాపుకుని ఆయన తాడు పేనుతున్నాడు. అడుగుల చప్పుడు విని తల తిప్పాడు.

"ఎవురప్పా?"

తిరుపాలు దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు. "నేను తాతా. గంట పోసినవాణ్ణి" అన్నాడు. "పగిలిన గంట."

కాటమయ్య తాడు పక్కన పెట్టాడు.

"వచ్చినావా. సచ్చినాననుకుంటివా ఏం?"

"లేదు తాతా."

"నీ నూనె మంచిదేలే. పూసుకున్నప్పుడల్లా, ఈ పిల్లోడు ఎప్పుడొస్తాడా అనుకుంటాంటి." ముసలాయన కాలు సర్దుకున్నాడు. "కోపం లేదనను. శానా వచ్చింది. పడాల్సిన మనిషి కండ్లబడక, ఇంట్లో ముసిల్దాని మీద పడితి పాపం."

"పాపమని ఇప్పుడంటాడు," అంది నరసమ్మ లోపలినుంచి.

"తప్పు నాదే తాతా," అన్నాడు తిరుపాలు. "పుల్ల మిగుల్తదని నాకు తెలుసు. తెలిసీ, ఒకటేం చేస్తదిలే అనుకుంటి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. కాటమయ్య పేనిన తాడును వేళ్ళతో తడిమాడు. తర్వాత చెయ్యి చాపి గాలిలో వెతికాడు. తిరుపాలు చెయ్యి దొరికింది. దాన్ని లాగి తన మోకాలి కింద ఎముక మీద పెట్టుకున్నాడు. అతుక్కున్న చోట గడ్డలా ఎత్తుగా ఉంది.

"ఇక్కడ. పట్టి చూడు."

తిరుపాలు పట్టుకున్నాడు. వదలలేదు. తల వంగిపోయింది. భుజాలు కదిలాయి. నరసమ్మ గుమ్మం దాకా వచ్చి, చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి పోయింది.

చాలాసేపటికి కాటమయ్య అన్నాడు. "సరే. గంట కొట్టు, విందాం."

తిరుపాలు గుడ్డ విప్పి గంట ఊపాడు. కాటమయ్య చెవి అటు తిప్పి, ఆ మోత పూర్తిగా అణగేదాకా విన్నాడు.

"దూరం పోయి కొట్టు."

దొడ్డి అవతలికి పోయి కొట్టాడు.

"ఇంకా దూరం."

వీధి చివరినుంచి కొట్టాడు. కాటమయ్య కర్ర తీసుకుని లేచాడు. దొడ్డి దాటి, వీధి వెంట, ఆగకుండా, తడబడకుండా నేరుగా నడుచుకుంటూ తిరుపాలు దగ్గరికి వచ్చి అతని ఛాతీ మీద చెయ్యి ఆనించాడు.

పొద్దు వాలుతుండగా తిరుపాలు తకియాకు తిరిగొచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫకీరప్ప గంగాళం నిండా మళ్ళీ నీళ్ళు తోడుకుని, తర్వాతి పోతకు గొట్టాలు జల్లెడలో పోసుకుంటున్నాడు.

"తూకం సరిపోయిందా?" అని అడిగాడు తలెత్తకుండానే.

తిరుపాలు చొక్కా చేతులు పైకి మడిచాడు. గురువుగారి ఎదురుగా చతికిలబడి, ఆయన చేతుల్లోంచి జల్లెడ అందుకుని, మోచేతుల దాకా నీళ్ళలో ముంచాడు.