గవరయ్య పెద్ద పొట్లం

తొలకరి పడి వాగులో కొత్తనీరు కదలగానే ఆ కొండమీది జంతువులన్నీ అడవితల్లికి పండగ చేసుకుంటాయి. వాగొడ్డున పసుపు రాసిన రాయే అడవితల్లి. ఎవరికి దొరికినదాంట్లో మంచిది వాళ్ళు ఆకుపొట్లం కట్టి రాయి ముందు పెడతారు. దణ్ణాలయ్యాక ఆ పొట్లాలు తిండికి బయటికి పోలేనివాళ్ళకి చేరతాయి. ముసలివాళ్ళకి, కాలు విరిగినవాళ్ళకి, పచ్చి బాలింతలకి. ఎవరు పెట్టారో అందుకునే గడపలో చెప్పకూడదు. అది అమ్మ ప్రసాదం, అంతే.

ఆ ఏడు పండగ పొద్దున గవరయ్య అనే నక్కకి బలిసిన పీతలు దొరికాయి. అతని పెళ్ళాం నూకాలు ముందురోజే పిల్లల్ని కని గుహలో నీరసంగా పడుకుని ఉంది. 'దానికెలాగూ ప్రసాదం వస్తుంది' అనుకుని పీతలన్నీ తనే కరకరా నమిలేశాడు. మిగిలిన డొల్లలూ, గుప్పెడు బురదా, కుళ్ళిన మేడిపళ్ళూ అడ్డాకుల్లో చుట్టి, పైన పూలతీగ కట్టాడు. పైన పటారం, లోన లొటారం.

దారిలో అప్పలకొండ అనే ఎలుగుబంటి నిండు తేనెపట్టుతో ఎదురయ్యాడు.

"అంతా ఇచ్చేస్తావా అన్నా? రాయి నాకుతుందా ఏటి? తేనె నువ్వు తాగి మైనం పెట్టు. అమ్మకి భక్తి చాలు."

"ఆ భక్తి దేంట్లో పోసి ఇమ్మంటావురా, మైనంలోనా?" అని నవ్వుకుంటూ పోయాడు అప్పలకొండ.

రాయి దగ్గర గవరయ్య పొట్లం చూసి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. పంపకాలు చేసే ముసలి తాబేలు బంగారమ్మ, పొట్లాలు మోసే అడవిదున్న సన్యాసిని పిలిచి అంది:

"అన్నిట్లోకీ పెద్ద పొట్లం, అందరికన్నా ఆకలి ఉన్న గడపకి పోవాలి. నూకాలు పసికూనలతో ఉంది. సన్యాసీ, ఇది దానికిచ్చిరా."

గవరయ్య తేలు కుట్టిన దొంగయ్యాడు.

"వద్దవ్వా! నేను పెట్టింది నా ఇంటికే వస్తే బాగుంటాదా? మాకేదో చిన్నది పడెయ్యి."

"చూశారా, ఎంత మనసో!" అవ్వ కళ్ళు తుడుచుకుంది. "అందుకే నీకు దక్కాలి నాయనా."

సన్యాసి పొట్లాన్ని కొమ్ముకి తగిలించుకున్నాడు.

"నేను మోస్తాను బావా, ఇలాగియ్యి," అని గవరయ్య వెంటపడ్డాడు.

"ప్రసాదం మోసే పుణ్యం నాది. నువ్వు వెనకాల రా."

నూకాలు ఆత్రంగా పొట్లం విప్పింది. లోపలి డొల్లల్నీ బురదనీ చూసింది.

"ఎంత లేనివాళ్ళో పాపం," అంది మెల్లగా. "ఇంతకన్నా ఏమీ లేకపోయినా అమ్మకి పెట్టకుండా ఉండలేకపోయారు. వాళ్ళకో దణ్ణం పెట్టు మావా."

తనూ దణ్ణం పెట్టుకుని, ఒక డొల్ల తీసి, బురద తుడిచి, లోపల కండేమైనా మిగిలిందేమోనని నాకసాగింది. పిల్లలు పాలురాక కీచుమంటున్నాయి.

గవరయ్య చూడలేకపోయాడు. "తినకే నూకాలూ! అది కట్టింది నేనే. పీతలు నేనే తినేశాను."

ఆమె డొల్ల కింద పెట్టి అంది: "మన గడపకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఇదే ఏ కాలు విరిగిన కుందేలుకో పోయి ఉంటే, ఆయమ్మ ఏం తినేది మావా?"

గవరయ్య వానలోకి పోయాడు. వాగంతా కలియదిరిగాడు. కలుగుల్లో చెయ్యి పెట్టి గిచ్చించుకున్నాడు. పొద్దు వాలేసరికి ఒకే ఒక్క పెద్ద పీత దొరికింది. దాని వాసనకే అతని నోరూరింది. అలాగే పట్టుకొచ్చి నూకాలు ముందు పెట్టాడు.

"సగం నువ్వు తిను మావా."

"ఇది అమ్మ వాటా. నేను ముట్టకూడదు. నువ్వు తినాల."

ఆమె తింది. కాసేపటికి పిల్లల కీచులు ఆగి, చప్పరింపులు వినిపించాయి. అతను గుమ్మంలో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఏడ్చాడు.

తెల్లారాక బంగారమ్మ దగ్గరికి పోయి అందరి ముందూ జరిగింది చెప్పేశాడు. తిడుతుందనుకున్న అవ్వ అతని తల నిమిరింది.

"వాగులో పీతలింకా ఉన్నాయి కదరా," అంది. "పో, అమ్మకి పట్టుకురా."

మన నోరూరించిన ముద్దే దేవుడికి పెట్టవలసిన ముద్ద.