చౌడక్క కట్టిన పుల్ల

రండర్రా, దగ్గరికి జరిగి కూచోండి. ఆ గోడవార నిలబడ్డవాళ్లూ రండి.

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా పుట్టని కాలంలో, గుట్ట కింద ఒక ఊరు. ఊరంతా పట్టుపురుగులు పెంచేవాళ్లు. గూళ్లను నీళ్లలో ఉడకేసి, దారం లాగి, చక్రానికి చుట్టేవాళ్లు. తడిదారానికి జిగురుంటుంది కదా! పోగు మీద పోగు పడి, ఆరేసరికి అట్టకట్టేది. విప్పబోతే పుటుక్కున తెగేది.

ఒకనాడు నేతగాళ్లు చిలపలన్నీ, అంటే చక్రం నుంచి తీసిన దారపు చుట్టలన్నీ, తిప్పి పంపారు. "ఇంకొక్కసారి ఇట్లాంటిదే తెచ్చారా, మీ ఊరి పట్టు ముట్టం."

ఆ ఊళ్లో దారం లాగే గంగులమ్మ తల పట్టుకుంది. పట్టు పోతే ఏం తిని బతకాలి?

ఆమె తోడికోడలు చౌడక్క చక్రం ముందు ఒక పుల్ల కట్టింది. చక్రం తిరిగితే పుల్ల ఇటు పోతుంది, అటు పోతుంది. దారాన్ని ఇటు జరుపుతుంది, అటు జరుపుతుంది. టకటక, టకటక.

ఎవరి చెయ్యీ తగలకుండా పుల్ల కదులుతోంది! గంగులమ్మ వెనక్కి గెంతింది. "ఓయమ్మో, దయ్యం!"

"దయ్యమేందే గంగీ? చక్రమే దాన్ని లాగుతోంది. పోగు మీద పోగు పడకుండా."

ఊరు పరుగెత్తుకొచ్చింది. "నీ పుల్లకి సంగటి కూడా పెడతావా చౌడక్కా?" అని ఓబన్న ఎగతాళి చేశాడు. కానీ అప్పుడు ఇంటింటా తట్టల్లో పురుగులు నిద్రలో ఉన్నాయి. పొర విడిచే ముందు అవి కదలకుండా పడుంటాయి. ఆ నిద్రలో చప్పుడైతే చస్తాయని ఊరి భయం. రోలు కూడా మోగనిచ్చేవాళ్లు కాదు.

అందుకే ఊరివాళ్లు ఆ టకటకలాడే పుల్ల విరిచేశారు. చౌడక్క మళ్లీ కట్టింది. మళ్లీ విరిచేశారు. జ్వరంతో మూలుగుతూనే మూడోసారీ కట్టింది. ఈసారి దాన్ని విరగ్గొట్టడానికి గంగులమ్మే రోకలి పట్టుకుని పోయింది.

తలుపు తోసి, గడపలోనే ఆగిపోయింది.

చౌడక్క చక్రం పక్కన ఒరిగి ఉంది. ఒళ్లు చల్లబడింది. చప్పుడు కాకుండా పుల్లకి ఆమె చీరచెంగు పేలిక చుట్టి ఉంది.

రోకలి జారిపడింది. గంగులమ్మ చక్రం మీది పోగు పట్టి లాగింది. అతుక్కోలేదు. లాగింది. తెగలేదు. వాకిలి దాటి, వీధిలోకి లాగింది. ఊరు నోరు తెరిచి చూసింది.

"దయ్యమని అరిచింది నేనే కదక్కా!" గంగులమ్మ వీధిలోనే కూలబడింది.

నేతగాళ్లు ఆ దారం కళ్లకద్దుకున్నారు.

ఇప్పుడు కరెంటు మిషన్లు వచ్చాయి. అయినా ఆ ఊళ్లో కొత్త మిషను ఆడించే ముందు, దారాన్ని జరిపే కడ్డీకి పాతచీర పేలిక చుడతారు. ఇంటి ఆడమనిషి, "చౌడక్కా, తిప్పమంటావా?" అని అడుగుతుంది. ఒక్క క్షణం అందరూ ఊపిరి బిగబడతారు. ఆ తర్వాతే తిప్పుతారు.

ఇక లేవండి. ఇంట్లో అన్నం చల్లారిపోతోంది. పోయి తినండి.