డప్పు మోతలో సమ్మతి

ఊరి పశువులు మేసే బీడు మీద భుజంగరాయుడి కన్ను పడింది. ఆ ఊరికి దొర అతనే. కానీ ఉమ్మడి నేల తీసుకోవాలంటే మంత్రి ఎదుట జనాన్ని అడగాలి, ఎవరి అభ్యంతరమూ వినపడకూడదు. అది ఆ రాజ్యపు కట్టడి.

దొర ఒక ఎత్తు వేశాడు. "నేను అడగగానే డప్పు దంచు. నేను చెయ్యెత్తకముందే ఆపావో, వీపు చిట్లుతుంది" అని డప్పు ఎల్లమందను బెదిరించాడు. శుభకార్యంలో డప్పు మోగడం ఇక్కడి ఆనవాయితీ అని మంత్రిని నమ్మించాడు.

సభ కూడింది. "బీడు నాకివ్వడం అందరికీ సమ్మతమేనా?" అన్నాడు దొర. డప్పు మోగింది. జనం వద్దు వద్దని గొంతులు చించుకున్నారు. ఒక్క మాటా వినపడలేదు.

దొర చెయ్యెత్తాడు. "చూశారా మంత్రిగారూ! ఊరు ఒప్పుకుంది."

ఎల్లమంద ముందుకొచ్చాడు. "అయ్యా, ఇప్పుడా బీడు దొరది. దొర దాన్ని మా ఊరికి తిరిగిచ్చేస్తున్నారు. దొరా, సమ్మతమేనా?" అని మళ్ళీ డప్పు అందుకున్నాడు.

దొర ఎగిరాడు, తిట్టాడు, తలపాగా జారి కింద పడింది. ఒక్క ముక్కా వినపడలేదు. అతను రొప్పుతూ కూలబడ్డాకే డప్పు ఆగింది.

"దొర ఒప్పుకున్నారు" అన్నాడు ఎల్లమంద.

"వద్దని అరిచాను కదరా!"

"ఊరూ అలాగే అరిచింది దొరా. మీ అరుపు చెల్లితే ఊరి అరుపూ చెల్లుతుంది. చెల్లదంటారా, బీడు ఇప్పుడే ఇచ్చేశారు. ఏదో ఒకటి చెప్పండి" అంటూ ఎల్లమంద డప్పు కింద పెట్టాడు.

మంత్రి దొర వైపు తిరిగాడు.

డప్పు మోగకపోయినా, ఈసారి దొర మాట ఎవరికీ వినపడలేదు.