లెస్లీ మొదటి టేకు

అప్పలస్వామి మేష్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు టీ పెట్టమంటారు. టీ వచ్చేలోగా అడిగినవాడు తన ప్రశ్న తనే మరిచిపోతాడని ఆయన ఆశ. పాత గ్రామఫోను రికార్డుల్లోంచి గీతల చప్పుడు తీసేసి, లోపలున్న పాటని మళ్లీ బయటికి తేవడం ఆయన వృత్తి. విశాఖపట్నం దొండపర్తిలో ఒక మేడమీది గదిలో ఆయన దగ్గర ఆ పని నేర్చుకోవడానికి చేరినవాళ్లం ఇద్దరం, నేనూ నరహరీ.

నరహరిది పట్టుదల. మర్యాదకి పట్టుదల అంటున్నాను గానీ, అది వట్టి మొండితనం. ఒక పాత జాజ్ బ్యాండు రికార్డుని ఒత్తిన అసలు రాగి అచ్చు ఎక్కడుందా అని కాళ్లరిగేలా తిరిగాడు. ఆ బ్యాండులో సాక్సఫోన్ వాయించినాయన భార్య కాకినాడలో ఒక్కతే ఉంటుంది. పెద్దావిడ. నా చెవులు సరిగా పనిచేస్తుండగానే మా ఆయన వాయించింది శుభ్రంగా వినిపించు నాయనా అని వీణ్ణి అడిగింది. ఆ పని మీద వీడు కాకినాడకి రాకపోకలు పెట్టుకున్నాడు. ఆ రోజు పొద్దున్న సంగతి తేలిపోయింది. ఆ రాగి అచ్చును కంపెనీవాళ్లు ఎన్నడో కరిగించేశారట. నరహరి ముఖం మాడ్చుకుని వచ్చి మేష్టారి ఎదుట కూలబడ్డాడు.

"లేదని తెలిసిపోయాక ఇంకా వెతకడం దేనికండీ, మేష్టారూ? ఆవిడకి దొరకలేదని ఓ కార్డు ముక్క రాసి పడేస్తే సరిపోదా?"

మేష్టారు టీ పెట్టమన్నారు. నరహరి కదల్లేదు. ఎప్పటిలాగే నేనే లేచి పెట్టాను. వాడు ప్రశ్న మరిచిపోలేదని చూసుకుని, ఇక తప్పదన్నట్టు మేష్టారు ఈ సంగతి చెప్పారు. ఆయన మాటల్లోనే చెప్తే మధ్యమధ్య రైళ్ల వేళలు కూడా వస్తాయి. అందుకని నా మాటల్లో చెప్తాను.

మేష్టారికి పాతికేళ్లప్పుడు ఒక కంపెనీ పాత జాజ్ రికార్డులను క్యాసెట్లుగా వెయ్యాలనుకుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వాల్తేరు రైల్వే వాళ్ల డాన్సు బ్యాండొకటి మద్రాసు వెళ్లి ఇచ్చిన రికార్డు కూడా అందులో ఉంది. ఆ రోజుల్లో ఒకే పాటని రెండు మూడుసార్లు వాయించేవారు. వాయించిన ప్రతిసారినీ మెత్తటి మైనపు పళ్లెం మీద గీయించి, బాగా కుదిరినదాన్ని రికార్డుగా వేసేవారు. ఒక్కొక్క వాయింపునీ టేకు అంటారు. బజార్లోకి వచ్చింది మూడో టేకు. అయితే మొదటి టేకు ముందు అది ఎందుకూ పనికిరాదని ఊళ్లో జాజ్ పిచ్చివాళ్లందరూ అనేవారు. వాళ్లెవరూ దాన్ని వినలేదు. వినకపోయినా వాదించడానికి ఏం లోటు! సరే, ఆ మొదటి టేకు ఎక్కడుందో పట్టుకురమ్మని కంపెనీ మేష్టారిని పురమాయించింది.

ఆ బ్యాండులో బతికున్నవాడు ఒక్కడే, సిరిల్ పెరేరా. పియానో వాయించేవాడు. ఆంగ్లో ఇండియన్. రైలు గార్డుగా చేసి రిటైరయ్యి రైల్వే కాలనీ వెనక ఒంటిగదిలో ఉండేవాడు. జీవితమంతా కలాసీలతో, పోర్టర్లతో గడిపినవాడు కనక తెలుగు వాళ్లలాగే మాట్లాడేవాడు. క్లారినెట్ వాయించిన లెస్లీ ఆయన తమ్ముడు. రికార్డింగయిన వారానికి పటాలం‌లో చేరి బర్మా వెళ్లాడు, మళ్లీ రాలేదు.

మేష్టారు మొదటిసారి వెళ్లిననాడు సిరిల్ మంచం కిందినుంచి మడతకుర్చీ లాగి, దుమ్ము దులిపి, "కూకో బాబూ" అన్నాడు. మొదటి టేకు మాటెత్తగానే ముసలాయన ముఖం విప్పారింది. "ఆ రోజు ఆడు వాయించినట్టు మళ్లీ ఎప్పుడూ వాయించనేదు బాబూ. అయిపోగానే మేమంతా ఇన్నాం. ఇన్నోళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. అదెక్కడున్నా నువ్వు పట్టుకురావాలి" అన్నాడు. విజయనగరంలో ఒక బ్యాండు మాస్టరు దగ్గర ఉండొచ్చని ఆనవాలు కూడా చెప్పాడు.

విజయనగరంలో లేదు. తిరిగొచ్చి ఆ మాటే చెప్తే, "నేదా? అయితే ఖరగ్‌పూర్‌లో మా డ్రైవర్ ఒకడుండాలి" అన్నాడు సిరిల్. ఖరగ్‌పూర్‌లో ఆ డ్రైవరూ లేడు, రికార్డూ లేదు. తర్వాత పలాస, ఆ తర్వాత రాజమండ్రి. వెళ్లడం, ఉత్తచేతులతో రావడం, వచ్చి సిరిల్‌కి చెప్పడం. చెప్పిన ప్రతిసారీ టీ, బేకరీనుంచి తెచ్చి ఉంచిన ప్లమ్ కేకు ముక్క, లెస్లీ కబుర్లు, లేచేముందు ఇంకో ఊరి పేరు. కంపెనీ విసిగిపోయి మూడో టేకునే క్యాసెట్టులో వేసి చేతులు దులుపుకుంది. మేష్టారు మాత్రం మానలేదు. ముసలాయన పోయేలోగా తమ్ముడి క్లారినెట్ ఆయన చెవిన వెయ్యాలని తనకి తానే ఒట్టు పెట్టుకున్నారు.

అలా వెతుకుతూ మద్రాసులో, పూర్వం రికార్డింగ్ పనిచేసి మానుకున్న ఒకాయన దగ్గరికి వెళ్లారు. ఆయన విషయం విని, "వాళ్లు ఆ టేకుని అక్కడికక్కడే విన్నారా?" అని అడిగాడు. విన్నారని మేష్టారు చెప్పారు. "అయితే వెతక్కండి. మైనం మెత్తన. ఒక్కసారి సూది పెట్టి వింటే గీత చెడిపోతుంది, ఇక దానికి అచ్చు తియ్యడం కుదరదు. వినకుండా పంపినదే రికార్డయ్యేది" అన్నాడు.

మేష్టారు తిరుగు రైలెక్కారు. లేకపోతే లేకపోయింది, పోగొట్టింది మీరే అని ఆ ముసలాయనకి ఎలా చెప్పడం? తమ్ముడు మిగిల్చిన ఒకే ఒక్క మంచి వాయింపుని నువ్వు విని చెడగొట్టావయ్యా అని ఏ నోటితో అనడం? వాల్తేరులో రైలు దిగి, రెండు వీధులు అక్కర్లేకుండా చుట్టూ తిరిగి, చివరికి ఆ గది గుమ్మం తొక్కారు. కుర్చీ వేసే ఉంది. కేకు కోసే ఉంది.

"దొరికిందేటి, బాబూ?"

"అది దొరకదండి, సిరిల్ గారూ. మైనం మీద ఉన్నదాన్ని ఒకసారి వింటే చెడిపోతుందట. మీరేమో ఆ రోజు..." అంటూ మేష్టారు కుర్చీలో కూర్చున్నారు.

"నాకు తెలుసు బాబూ" అన్నాడు సిరిల్, తన కప్పులోకి చూస్తూ. "ఆ రికార్డింగ్ దొర ముందే సెప్పినాడు. ఇంటే పోద్ది, ఇనకపోతే రికార్డవుద్ది, ఏటి కావాలో మీరే సెప్పండన్నాడు. ఉంచుదామని లెస్లీ అన్నాడు. నేనే ఇంటానన్నాను. ఆ రికార్డు అచ్చయ్యి ఒచ్చేసరికి ఆడు ఇక్కడుండడు గదా. ఆడి పక్కన కూకుని ఇనాలనిపించినాది."

మేష్టారికి ఒళ్లు మండిపోయింది. ఎండల్లో పడి తిరిగిన ఊళ్లన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. "మరి తెలిసి తెలిసి ఇన్నాళ్లూ నన్నెందుకు ఊళ్లు తిప్పారండీ?" అని గట్టిగానే అడిగారు.

"నువ్వొస్తన్నావు గదా" అన్నాడు సిరిల్.

మేష్టారు లేచారు. కేకు ముట్టలేదు. గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి వెనక్కి చూశారు. సిరిల్ ఆయన్ని పిలవలేదు. నడుం పట్టుకుని వంగి, ఆ కుర్చీని మడిచి మంచం కిందికి, గోడదాకా తోస్తున్నాడు. మళ్లీ తియ్యక్కర్లేని సామాను తోసినట్టే తోస్తున్నాడు.

మేష్టారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. "ఆ కుర్చీ అక్కడే ఉంచండి" అన్నారు. "బరంపురంలో ఎవరి దగ్గరో ఆ మొదటి టేకు ఉందని విన్నాను. వచ్చే నెల వెళ్లి చూసొచ్చి చెప్తాను."

సిరిల్ వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. "ఎవరేటి? పేరేటి ఆడిది?" అన్నాడు.

"ఇంకా తెలియలేదండి. కనుక్కోవాలి."

"కనుక్కో. తొందరేటి నేదు, నెమ్మదిగా కనుక్కో" అంటూ సిరిల్ కుర్చీ మళ్లీ బయటికి లాగాడు.

ఇంతవరకూ చెప్పి మేష్టారు టీ అందుకున్నారు. అది ఎప్పుడో చల్లారిపోయింది. అయినా తాగారు. నరహరి "ఎన్నాళ్లు వెళ్లారండీ?" అని అడిగాడు.

"ఆయన ఉన్నన్నాళ్లూ."

"అంటే, ఇద్దరికీ తెలిసి, లేనిదాని కోసం..." అంటూ నరహరి జేబులో చెయ్యి పెట్టాడు. అందులో కాకినాడ చిరునామా రాసుకున్న కార్డు ఉంది. దాన్ని బయటికి తియ్యనూ లేదు, చెయ్యి జేబులోంచి తియ్యనూ లేదు.

మేష్టారు ఖాళీ కప్పు నాకిచ్చి, ఒక రికార్డు వెలుగులోకి తిప్పి, దాని మధ్యన గీకిన టేకు అంకె కోసం చూస్తూ అడిగారు:

"కాకినాడలో ఆవిడ నీకు కుర్చీ ఎక్కడ వేస్తుందిరా?"